ఈక్వెడార్ 1997: రొసాలియా అర్తియాగాను పక్కకు నెట్టడం న్యాయమేనా?

కొండగాలి:
1997 ఫిబ్రవరి 6న ఈక్వెడార్ పార్లమెంటు 44–34 ఓట్లతో అధ్యక్షుడు అబ్దలా బుకారామ్‌ను దించేసింది. చూపిన కారణం మానసిక అసమర్థత. ఒక్క డాక్టరూ ఆయన నాడి పట్టి చూడలేదు. సరే, దిగాడు. మరి కుర్చీ ఎవరిది? ఆయనతో పాటే జనం ఓట్లతో గెలిచిన ఉపాధ్యక్షురాలు అర్తియాగాది. పార్లమెంటు మాత్రం సభాపతి ఫాబియాన్ అలార్కోన్‌కు కట్టబెట్టింది. ఆ దేశపు తొలి మహిళా అధ్యక్షురాలు అర్తియాగాకు ఆ కుర్చీ దక్కింది ఫిబ్రవరి 9 నుంచి 11 దాకానే. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పాతపేజీ:
కొండగాలి గారూ, అధ్యక్షుడి స్థానం శాశ్వతంగా ఖాళీ అయితే ఉపాధ్యక్షుడే రావాలని అప్పటి రాజ్యాంగంలో స్పష్టంగా లేదు. గ్యాస్, కరెంటు ధరలు పెంచినందుకు దేశమంతా సమ్మెలో ఉంది. ఒకే సమయంలో ముగ్గురు నేనే అధ్యక్షుడినంటే నేనే అన్నారు. సైన్యం ఎవరి వైపు చూస్తుందోనని రాజధాని క్విటో అంతా ఊపిరి బిగబట్టింది. అలాంటప్పుడు పార్లమెంటు ఎన్నుకునే వరకు తాత్కాలికంగా ఉంటానని ఆమే ఒప్పుకున్నారు. అలార్కోన్ నియామకాన్ని అదే ఏడాది మే నెలలో ప్రజలు కూడా ఓటు వేసి ఆమోదించారు. 1998 ఎన్నికల్లో ఆమె నిలబడితే చాలా వెనకబడ్డారు.

నదితీరం:
మీరిద్దరూ ఆమెను ఆ రెండు రోజుల్లోనే బంధించేస్తున్నారు. క్వెన్కాలో పుట్టిన ఈవిడ అంతకు ముందే విద్యాశాఖ మంత్రి. తర్వాత అమెజాన్ దేశాల సహకార సంస్థకు ప్రధాన కార్యదర్శి అయ్యారు. అవీ లెక్కలోకి రావాలి కదా.

కొండగాలి:
తప్పకుండా రావాలి, నదితీరం గారూ. పాతపేజీ గారూ, సేనాధిపతులు మధ్యవర్తులుగా కూర్చున్న గదిలో తీసుకున్న ఒప్పుకోలును నేను ఒప్పుకోలు అనను. మేలో జనం ఓటు వేసేనాటికి అలార్కోన్ మూడు నెలలుగా పాలిస్తున్నాడు, మార్చేందుకు వాళ్ల ముందు ఏం మిగిలింది? రాజ్యాంగం స్పష్టంగా లేదన్నారు. లేనప్పుడు జనం ఎన్నుకున్న మనిషిని వదిలి, ఆ పదవికి జనం ఎన్నడూ ఎన్నుకోని సభాపతిని ఎలా ఎక్కిస్తారు? 1998 కొత్త రాజ్యాంగంలో ఉపాధ్యక్షుడే రావాలని రాసుకున్నారు. 2000లో అధ్యక్షుడు మహువాద్ కూలిపోతే గుస్తావో నొబోవా, 2005లో అధ్యక్షుడు గుటియెర్రెస్ పదవి పోతే ఆల్ఫ్రెడో పలాసియో, ఇద్దరూ ఉపాధ్యక్షులే, మిగిలిన కాలమంతా పాలించారు. అర్తియాగా అడిగింది సరిగ్గా అదే.