చదువురాని పెద్దవాళ్ల మతి ఎలా ఉందో వార్డులో ఎలా చూస్తున్నారు?

శ్రీకాకుళంలో మెడికల్ వార్డు స్టాఫ్ నర్సుని. అనుభవం ఉన్న సిస్టర్లు, డాక్టర్లు సాయం చెయ్యండి.

మాకు నేర్పింది 1975లో అమెరికాలో తయారైన 30 మార్కుల ఎం.ఎం.ఎస్.ఇ. అనే మతి, జ్ఞాపకశక్తి పరీక్ష. అందులో చదవాలి, ఒక వాక్యం రాయాలి, బొమ్మ చూసి గీయాలి, 100 నుంచి ఏడేసి తీసేస్తూ పోవాలి. ఉద్దానం నుంచి వచ్చే మామ్మ జన్మలో పెన్ను పట్టలేదు. ఆ మార్కులన్నీ పోతాయి. తేదీ అడిగితే తెల్లమొహం వేస్తుంది గానీ, అమావాస్య ఎప్పుడో ఠక్కున చెబుతుంది. జీడిపిక్కల లెక్క నోటితోనే కట్టేస్తుంది. ఈ మనిషికి మతిమరుపు అని ఎలా రాయను? "నానేటి పిచ్చిదాన్నా అమ్మా?" అని ఒకామె అడిగితే మనసు చివుక్కుమంది.

హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురానివాళ్ల కోసం ఈ పరీక్షనే హిందీలో మార్చి వాడారు. అలాంటిది తెలుగులో, మన యాసలో ఎవరైనా వాడుతున్నారా? తేదీకి బదులు తిథి, పండగ అడిగితే మార్కు ఇవ్వొచ్చా?

ఇంకోటి, నాకు ఎక్కువ భయం దీనిగురించే. కిడ్నీ జబ్బు, సోడియం తగ్గడం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వల్ల నిన్నటిదాకా బాగున్న తాత ఇవాళ పొంతన లేకుండా మాట్లాడతాడు. అది డెలీరియం, ముసలితనం కాదు. ఇంట్లోవాళ్లు "వయసండి" అని వదిలేస్తారు. ధ్యాస నిలుస్తోందో లేదో చూడ్డానికి వారాల పేర్లు వెనక్కి చెప్పమంటున్నాను. చెవుడున్నవాళ్లకి మీరేం చేస్తున్నారు? నైట్ డ్యూటీలో ఒక్కరే ఉన్నప్పుడు ఏది ముందు చూస్తారు?