సెటిల్ చేసిన పాత కార్డు బాకీ ఇప్పుడు పూర్తిగా కట్టేస్తే పర్సనల్ లోన్ వస్తుందా?

మియాపూర్_మహి:
అందరికీ నమస్తే. ప్రైవేట్ కంపెనీలో చేస్తున్నా, చేతికి 42 వేలు వస్తాయి, ఇక్కడ చేరి రెండేళ్లు దాటింది. మాఘంలో చెల్లి పెళ్ళి, 4 లక్షలు పర్సనల్ లోన్ కావాలి. కోవిడ్ టైంలో మాకు సగం జీతమే ఇచ్చారు, అప్పుడు క్రెడిట్ కార్డు మీద 68 వేలు బాకీ ఉంటే 2021లో 30 వేలకి సెటిల్ చేసుకున్నా. ఇప్పుడు సిబిల్ (అప్పులు కట్టిన తీరుకి ఇచ్చే స్కోర్) 694. రెండు బ్యాంకులు కుదరదన్నాయి. తెలిసినాయన ఒకాయన మిగతా 38 వేలు కట్టేస్తే రిపోర్టులో సెటిల్డ్ (తక్కువకి తెంచుకున్నది) అన్నది పోయి క్లోజ్డ్ (మొత్తం కట్టినది) అని పడుతుంది, అప్పుడు ఇస్తారు అంటున్నాడు. ఆ డబ్బు ఉంది కానీ పెళ్ళి కోసం దాచింది. కట్టాలా వద్దా?

లోన్‌బాబాయ్:
కట్టెయ్ బాబూ. ఇందులో ఆలోచించడానికేం లేదు. పన్నెండేళ్లు బ్యాంకులకి లోన్ ఫైళ్లు తెచ్చిచ్చే పని చేశాను కాబట్టి చెప్తున్నా, క్రెడిట్ ఆఫీసర్ స్కోర్ ఒక్కటే చూసి వదిలెయ్యడు, రిపోర్టు తిప్పుతాడు, సెటిల్డ్ అని కనపడగానే వీడు మనకీ ఇలాగే చేస్తాడు అనుకుంటాడు. కట్టి, బాకీ ఏమీ లేదని నో డ్యూస్ లెటర్ తీసుకో, ఆ సంగతి బ్యూరోకి (సిబిల్ లాగా అందరి అప్పుల రికార్డు ఉంచే కంపెనీకి) పంపించమని బ్యాంకు వెంటపడు. అప్పటిదాకా ఇంకెక్కడా అప్లై చెయ్యకు, ప్రతి అప్లికేషనూ రిపోర్టులో ఎంక్వైరీగా, అంటే వీడు ఫలానా చోట లోన్ అడిగాడని, పడుతుంది.

నెల్లూరు_కారం:
ఒక్క రూపాయి కూడా కట్టబాకు మహీ. నీ సెటిల్‌మెంట్ లెటర్ తీసి చూడు, ఫుల్ అండ్ ఫైనల్ అని రాసిచ్చుంటారు. అంటే ఏంది? నీకూ వాళ్ళకీ లెక్క తెగిపోయిందని. తెగిపోయిన లెక్కకి నాలుగేళ్ల తర్వాత 38 వేలు ఎవడన్నా కడతాడా? బాబాయ్ గారూ మీకు బ్యాంకుల మీద అంత ప్రేమైతే మీరు కట్టండి.

వరంగల్_పోరడు:
చిట్టీ పాడుకో అన్నా, గీ సిబిల్ గిబిల్ లొల్లి ఎందుకు

లోన్‌బాబాయ్:
కారం గారూ, ఫుల్ అండ్ ఫైనల్ అంటే ఇక మీ మీద వసూలుకి రారు అని అర్థం, అంతే. రిపోర్టులో మచ్చ పోతుందని ఎవరూ రాసివ్వలేదు. క్లోజ్డ్ వేరు, సెటిల్డ్ వేరు. బ్యూరోలు సమాచారం కనీసం ఏడేళ్లు దాచాలని రూలు ఉంది, అంటే 2028 దాకా అది అక్కడే ఉంటుంది. అబ్బాయి చెల్లి పెళ్ళి మాఘంలో, 2028లో కాదు.

నెల్లూరు_కారం:
అయితే ఇప్పుడు కడితే మాఘానికి మారుతుందా? బ్యాంకోళ్ళు ఆ ఫైలు ఎప్పుడో గోడౌన్‌లో పడేసుంటారు, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే అకౌంట్ కనిపించట్లేదు సార్ అంటారు. నాకు తెలుసు నేను పడ్డా.

లోన్‌బాబాయ్:
2025 జనవరి నుంచి బ్యాంకులు బ్యూరోలకి కనీసం 15 రోజులకోసారి డేటా పంపాలి, ఇదివరకు నెలకోసారి. కంప్లైంట్ ఇస్తే 30 రోజుల్లో సరిచెయ్యాలి, లేకపోతే ఆ పైన రోజుకి 100 రూపాయలు మనకే కట్టాలి, అది 2024 ఏప్రిల్ నుంచే ఉంది. అప్పటికీ కదలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉంది. మీరు కంప్లైంట్ రాతపూర్వకంగా పెట్టారా లేక ఫోన్‌లో తిట్టి పెట్టేశారా?

డల్లాస్_తెలుగోడు:
ఇక్కడ అమెరికాలో అయితే హార్డ్ ఎంక్వైరీ రెండేళ్లు రిపోర్టులో ఉంటుంది కానీ ఫైకో స్కోర్‌కి (మన సిబిల్ లాంటిది) ఏడాదే లెక్క. డిపాజిట్ పెట్టి సెక్యూర్డ్ కార్డు ఒకటి తీసుకుని ఆరు నెలలు వాడితే...

వరంగల్_పోరడు:
అన్నా పెళ్ళి మియాపూర్‌ల ఉంది డల్లాస్‌ల కాదు

పద్మ_బెజవాడ:
మహి తమ్ముడూ, అసలు కాదన్న కారణం ఏం చెప్పారు? సెటిల్డ్ వల్లే అని వాళ్ళు చెప్పారా నువ్వు అనుకుంటున్నావా? అప్లికేషన్ తిరగ్గొడితే కారణం రాసి ఇవ్వాలి బ్యాంకు, అడుగు. మా ఆయనకి ఒకసారి కాదన్నప్పుడు మేమూ స్కోర్ అనే అనుకున్నాం, తీరా చూస్తే మా మరిది బండి లోన్‌కి ఈయన హామీ ఉన్నారు, ఆ మరిది కట్టట్లేదు, అది మా ఆయన రిపోర్టులో పడి ఉంది. ఇంట్లో ఎంత గొడవైందో చెప్పలేను, ఇప్పటికీ ఆ మరిది మా గుమ్మం తొక్కడు.

మియాపూర్_మహి:
అక్కా ఒక బ్యాంకు ఏమీ చెప్పలేదు. రెండోది ఈఎంఐలు ఎక్కువ అంది. బండి 3,800, ఫోన్ 2,100 అంతే కదా ఎక్కువేంటి?

పద్మ_బెజవాడ:
అదీ సంగతి. లెక్క వేద్దాం. 4 లక్షలకి 14 శాతం వడ్డీ, మూడేళ్లు అనుకో, నెలకి 13,670 దాకా అవుతుంది. నీ 5,900 కలిపితే 19,570. 42 వేలల్లో సగం దగ్గరికి వచ్చేసింది. కొన్ని బ్యాంకులు సగం దాకా ఒప్పుకుంటాయి, కొన్ని 40 శాతం దాటనివ్వవు, అంటే 16,800. ఫోన్ ఈఎంఐ మూసేసి లోన్ నాలుగేళ్లకి పెట్టుకుంటే 10,930, బండితో కలిపి 14,730, అప్పుడు లెక్క సరిపోతుంది. ఫోన్‌కి ఎన్ని నెలలు మిగిలాయి?

మియాపూర్_మహి:
3 నెలలు. 6,300.

పద్మ_బెజవాడ:
ఆ 6,300 ముందు కట్టెయ్. 38 వేల సంగతి తర్వాత.

లోన్‌బాబాయ్:
పద్మ గారు చెప్పింది కరెక్టే కానీ సెటిల్డ్ ఉన్నంత వరకు ఏ లెక్క సరిపోయినా ఫైలు ముందుకి కదలదు. మళ్ళీ చెప్తున్నా, కట్టాల్సిందే.

నెల్లూరు_కారం:
కదలదు కదలదు అని ఎన్నిసార్లంటారు సామీ. నా ఫ్రెండ్‌కి సెటిల్డ్ ఉండి కూడా వచ్చింది, జీతం పడే బ్యాంకులోనే, ప్రీ అప్రూవ్డ్ (బ్యాంకే ముందుగా ఓకే చేసింది) అని యాప్‌లో కనిపించింది, నొక్కాడు, వచ్చింది. పాతది 36 నెలలు దాటితే నెలనెలా లేట్ లెక్క కూడా చూపించరు. మీరు ఎంతసేపూ కట్టు కట్టు కట్టు. రికవరీ ఏజెంటు లాగా ఉంది వరస.

లోన్‌బాబాయ్:
ఏజెంటు అనే మాట వెనక్కి తీసుకోండి. 36 నెలల లెక్క పోతుంది సరే, అకౌంట్ మీద సెటిల్డ్ అన్న స్టేటస్ పోదు, రెండూ కలిపేసి చెప్తున్నారు. ఎగ్గొట్టిన వాళ్ళకి లోన్ ఎందుకు రాదో అర్థం కాకపోతే నేనేం చెయ్యను.

నెల్లూరు_కారం:
ఎగ్గొట్టామా? 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా మారటోరియం, అంటే కిస్తీలు ఆపుకునే వెసులుబాటు, ఇచ్చినామన్నారు, ఆ ఆరు నెలల వడ్డీ ఆపలేదు, మీద వేశారు. నా ఉద్యోగం జూన్‌లో పోయింది. 1 లక్షా 10 వేలు 1 లక్షా 70 వేలయింది. మా నాన్నకి ఫోన్ చేసి నీ కొడుకు దొంగ అన్నారు, మా వీధిలో కిరాణా కొట్టోడికి చేశారు. తర్వాత వాళ్ళే వచ్చి 60 వేలు కట్టు చాలు అన్నారు. వాళ్ళే బేరం పెట్టి వాళ్ళే మచ్చ వేస్తే నేను ఎగ్గొట్టినోడినా? ఏ బ్యాంకో చెప్పను, చెప్తే అడ్మిన్ పోస్టు తీసేస్తాడు.

లోన్‌బాబాయ్:
నాకు కూడా అదే టైంలో పని పోయింది. ఫైళ్లే లేవు, కమీషన్ ఎక్కడిది. రెండు కార్డుల మీద 1 లక్షా 40 వేలు. నాకూ సగానికి సెటిల్ చేస్తామని ఫోన్ చేశారు. మా ఆవిడ నల్లపూసలు, గాజులు అమ్మి మొత్తం కట్టాను. ఇప్పుడు మీరు నాలుగేళ్లు ఆగితే చాలు, స్కోర్ అదే పెరుగుతుంది, నాతో సమానంగా లోన్ వస్తుంది అంటే నాకు ఎలా ఉంటుంది? మరి నేను ఎందుకు అమ్మినట్టు?

వరంగల్_పోరడు:
గిదా అసలు కథ

నెల్లూరు_కారం:
అది ముందే చెప్పి ఉంటే సరిపోయేది కదా బాబాయ్. మీరు బంగారం అమ్మినదానికి మహి 38 వేలు జరిమానా కట్టాలా?

లోన్‌బాబాయ్:
జరిమానా కాదు. తీసుకున్న సొమ్ము.

అడ్మిన్_చర్చ:
ఇద్దరూ ఇక వ్యక్తిగతంగా వెళ్లకండి. మహీ, నీ రిపోర్టు నువ్వు చూసుకున్నావా? నాలుగు బ్యూరోలూ ఏడాదికోసారి ఫ్రీగా ఇవ్వాలి, నీది నువ్వు చూసుకుంటే స్కోర్ తగ్గదు. సిబిల్ ఒక్కటే చూడొద్దు, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ కూడా చూడు, ఒక్కో బ్యాంకు ఒక్కోదాన్ని చూస్తుంది.

మియాపూర్_మహి:
ఇప్పుడే తీశాను. సెటిల్డ్ ఉంది. అది కాక పోయిన నెల ఎంక్వైరీలు 7 ఉన్నాయి!! నేను వేసింది రెండు బ్యాంకులకే. ఒక లోన్ యాప్‌లో ఎంత వస్తుందో చూద్దామని నంబరూ పాన్ నంబరూ ఇచ్చా అంతే, వాళ్ళు ఐదుచోట్ల తిప్పినట్టున్నారు.

పద్మ_బెజవాడ:
అయ్యో. నేను అనుమతి ఇవ్వలేదని బ్యూరోలో డిస్ప్యూట్ (అభ్యంతరం) వెయ్. కానీ యాప్‌లో ఎక్కడో టిక్ పెట్టి ఉంటావు, చూసుకో. ఇక మూడు నెలలు ఎక్కడా నొక్కకు. ఇంట్లో బంగారం ఉంటే గోల్డ్ లోన్ చూడు, దానికి ఈ తిప్పలు తక్కువ.

మియాపూర్_మహి:
బంగారం చెల్లికి పెట్టేదే అక్కా. ఇలా అనుకుంటున్నా. ఫోన్ 6,300 రేపే కట్టేస్తా. పాత బ్యాంకుకి మెయిల్ పెట్టా, 38 వేలు కడితే క్లోజ్డ్ అని మారుస్తామని రాసి ఇస్తారా అని. రాసిస్తే కడతా, లేకపోతే ఆ డబ్బు కల్యాణ మండపానికి. జీతం పడే బ్యాంకులో 4 బదులు 3 లక్షలు అడుగుతా, నాలుగేళ్లకి పెడితే నెలకి 8,200 దాకా, మిగతా లక్షకి మామయ్యని అడగాలి.

లోన్‌బాబాయ్:
రాయించుకున్నాకే కట్టు, అది మంచి మాట. కానీ కట్టు.

నెల్లూరు_కారం:
మామయ్యకి లెటర్ ఇవ్వక్కర్లేదు అని సంతోషించబాకు, ఆయన రిపోర్టులో ఎక్కితే ఏడేళ్లతో పోదు 😄

కొత్తమెంబర్_కర్నూలు:
అన్నా నాకు పాత అప్పుల హిస్టరీయే లేదు, స్కోర్ మైనస్ 1 అని చూపిస్తోంది, మొదటిసారి అడిగేవాళ్ళకి స్కోర్ లేదని లోన్ ఆపకూడదని విన్నా, నిజమేనా? వేరే పోస్టు పెట్టాలా ఇక్కడే అడగొచ్చా

అడ్మిన్_చర్చ:
ఆపకూడదనే ఉంది, ఇవ్వాల్సిందే అని మాత్రం లేదు. వేరే పోస్టు పెట్టండి.