బరువు తగ్గాలంటే క్యాలరీలు లెక్కపెట్టాలా, తిండే మార్చాలా?

హాలియా_38
పెళ్ళినాటికి 72 కిలోలు, ఇప్పుడు 91. నాది ఎరువుల దుకాణం, పొద్దున కూర్చుంటే మళ్ళీ లేచేది రాత్రి ఎనిమిదికే. జిమ్‌లో కోచ్ ఏదైనా తిను, రోజుకు 1,800 క్యాలరీలు దాటకు అంటాడు. అమ్మేమో అన్నం మాని జొన్న రొట్టె తిను, అదే తగ్గుతుంది అంటుంది. ఇద్దరి మాటా విని చివరికి ఏదీ చేయట్లేదు. నిజంగా తగ్గినవాళ్ళు ఉంటే చెప్పండి, రెండింట్లో ఏది ముఖ్యం?

పాలమూరు_రూమ్
క్యాలరీలే అన్నా, ఇంకో మాట లేదు. నేను మహబూబ్‌నగర్‌లో రూమ్ తీసుకుని ఒక్కణ్ణే వండుకుంటాను. చిన్న త్రాసు కొన్నాను, ఏడు నెలల్లో 86 నుంచి 75కి వచ్చాను. రెండు పూటలా అన్నమే తిన్నాను, పూటకు 90 గ్రాముల బియ్యం తూచి వండేవాణ్ణి, అంతే. 2010లో అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ పోషకాహార ప్రొఫెసర్ మార్క్ హాబ్ పది వారాలు ఎక్కువగా క్రీమ్ కేకులు, చిప్స్ లాంటివి తింటూనే 1,800 క్యాలరీల లోపు ఉండి 12 కిలోలు తగ్గాడు. కేకు తిన్నవాడే తగ్గినప్పుడు అన్నం ఏం పాపం చేసింది?
ఇక జొన్న సంగతి. మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లోనే ఉంది, వంద గ్రాముల బియ్యంలో దాదాపు 356 క్యాలరీలు, జొన్నల్లో 334. తేడా 22. దీనికోసమా ఇంత గొడవ?

డిండి_గట్టు
ఆ ప్రొఫెసర్ కథ మీరు సగమే చెప్పారు. కేకులతో పాటు ఆయన ప్రొటీన్ షేక్, విటమిన్ మాత్ర, కొన్ని కూరగాయలు కూడా తీసుకున్నాడు. పైగా ఒక్క మనిషి, పది వారాలు. 2019లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ చేసింది చూడండి. 20 మందిని నెల రోజులు అక్కడే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టారు. ముందు పెట్టిన క్యాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండిట్లోనూ సమానం, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి పెట్టినన్ని రోజులూ రోజుకు 500 క్యాలరీలు ఎక్కువ తిని కిలో దాకా పెరిగారు, మామూలు తిండి మీద దాదాపు అంతే తగ్గారు. ఎవరూ త్రాసు పట్టుకోలేదు. ఎంత తింటామన్నది ఏం తింటున్నామన్న దాన్నిబట్టే ఉంటుంది. మీ పట్టికలోనే పీచు కాలమ్ కూడా చూడండి, జొన్నల్లో పది గ్రాములు, బియ్యంలో మూడు కూడా లేదు.

పాలమూరు_రూమ్
అక్కా, మీరు చెప్పింది నా మాటే. 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు కాబట్టే పెరిగారు.

డిండి_గట్టు
ఎందుకు ఎక్కువ తిన్నారు అనేదే నా ప్రశ్న. దానికి జవాబు చెప్పండి.

అచ్చంపేట_పల్లి
పల్లీలు తినొచ్చా? మా ఇంట్లో బస్తాలకు బస్తాలు ఉన్నాయి.

పాలమూరు_రూమ్
గుప్పెడు, అంటే 30 గ్రాములు, దాదాపు 170 క్యాలరీలు. తూచి తినండి.

మూసీ_కాల్వ
నాకు 72 ఏళ్ళు. 1983లో ఎన్టీ రామారావు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చేదాకా మా ఇంట్లో వరి అన్నం పండక్కే. మిగతా రోజుల్లో జొన్న గట్క, అంబలి, సజ్జ రొట్టె. అప్పుడు మా ఊళ్ళో పొట్ట ఉన్నవాడు పటేల్ ఒక్కడే. ఇప్పుడు రేషన్‌లో కూడా సన్న బియ్యమే వస్తోంది, ఇంటింటికీ షుగర్ ఉంది. లెక్కలు మాకెవరూ చెప్పలేదు నాయనా.

పాలమూరు_రూమ్
పెద్దాయనా, అప్పుడు మీరు మోట కొట్టేవారు, నాగలి దున్నేవారు, కడుపు నిండా తిన్న రోజులు ఎన్ని? అది జొన్న గొప్పతనం కాదు, పని, ఆకలి. ఆ గట్కే తిని రోజంతా దుకాణంలో కూర్చుంటే హాలియా అన్న తగ్గుతాడా?

మూసీ_కాల్వ
ఆకలి మాట నిజమే. కానీ గట్క తింటే పొద్దెక్కేదాకా ఆగేది, అన్నం ఆగదు. ఇది నా ఒంటికి తెలిసిన సంగతి.

డిండి_గట్టు
నేనూ అదే అంటున్నాను. ఇంకో పరిశోధన, 2018లో స్టాన్‌ఫర్డ్‌లో 609 మంది మీద ఏడాది పాటు. సగం మందికి కొవ్వు తక్కువ, సగం మందికి పిండిపదార్థం తక్కువ. క్యాలరీలు లెక్కపెట్టమని ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో వండుకోండి, కూరగాయలు తినండి, చక్కెర, మైదా తగ్గించండి అన్నారు. సగటున ఐదారు కిలోలు తగ్గారు.

పాలమూరు_రూమ్
ఆ 609 మందిలో రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు, 5.3 ఒకరు, 6 ఒకరు. అంటే అన్నం తగ్గించినా, నూనె తగ్గించినా ఒకటే. మీ సాక్ష్యం నాకే పనికొస్తోంది.
ఒక మాట సూటిగా చెబుతాను. లెక్కపెట్టినా తగ్గలేదు అనేవాళ్ళు సరిగ్గా లెక్కపెట్టరు. 1992లో న్యూయార్క్‌లో ఇలా చెప్పిన పదిమందిని పరీక్షిస్తే, తిన్నదాంట్లో 47 శాతం తక్కువ రాసుకున్నారని తేలింది.

డిండి_గట్టు
అంటే నేను అబద్ధం చెప్పానా? ఈ మాట విని విని విసిగిపోయాను. నాలుగు నెలలు ఫోన్ యాప్‌లో రాశాను, 1,300 దాటలేదు, ముప్పావు కిలో తగ్గింది. ఆ లెక్క పట్టుకుని డాక్టర్ దగ్గరికి పోతే, ఇంతే తింటే ఇంత బరువుండరమ్మా, నిజం చెప్పండి అని మా ఆయన ముందే నవ్వాడు.
మీది ఒక్క కడుపు, ఒక్క కుక్కర్. మా ఇంట్లో ఆరుగురం. వంకాయ కూర ఒకే గిన్నె, అందులో నూనె నేనే పోస్తాను, అత్తమ్మ చూసి ఇంకొంచెం పొయ్యి అంటుంది. అందరికీ పెట్టాక చివర్లో గిన్నె గీకి తినేది నేను, చిన్నోడు వదిలేసిన ముద్ద పారేయలేక తినేది నేను. అది ఎన్ని గ్రాములని రాయాలి? మనిషి లెక్క తప్పిందంటే దొంగతనం చేసినట్టు మాట్లాడతారేంది?

నకిరేకల్_బైపాస్
మా ఇంట్లో కూడా ఇదే పరిస్థితి. అక్క చెప్పింది అక్షరాలా నిజం.

పాలమూరు_రూమ్
అక్కా, అబద్ధం అనలేదు. ఆ పదిమంది కూడా కావాలని తక్కువ రాయలేదు, కంటి అంచనా అట్ల ఉంటుంది. డాక్టర్ నవ్వడం తప్పే.
నాకు కోపం ఎందుకో చెబుతాను. మా నాన్న ఇరవై ఏళ్ళు బొంబాయిలో మట్టిపని చేసి షుగర్‌తో తిరిగొచ్చాడు. మా గల్లీలో ఒకాయన పొడి డబ్బాలు అంటగట్టి, అన్నం విషం, కొర్రలు, జొన్నలు ఎంతైనా తినొచ్చు అని రాసిచ్చాడు. నాన్న నమ్మాడు. రాత్రికి నాలుగు రొట్టెలు, పల్లి చట్నీ. 14 వేలు పోయాయి, బరువు పెరిగింది, షుగర్ మాత్ర డోసు పెరిగింది. ఎంతైనా తినొచ్చు అన్న మాటే మమ్మల్ని ముంచింది. అందుకే మంచి తిండి అని ఎవరన్నా నాకు ఆ డబ్బాలే కనబడతాయి.

డిండి_గట్టు
ఎంతైనా తినొచ్చని నేను ఎక్కడా అనలేదు తమ్ముడూ. నాన్నగారి విషయం బాధగా ఉంది.

పాలమూరు_రూమ్
అనలేదు, ఒప్పుకుంటాను. ఉమ్మడి గిన్నె గురించి నేను ఆలోచించలేదన్నది కూడా నిజం. అట్లాంటి ఇంట్లో పళ్ళెం తూచడం కుదరదు, కానీ నెల సరుకు తూచొచ్చు. నలుగురికి నెలకు ఐదు లీటర్ల నూనె అయితే మనిషికి రోజుకు 40 మిల్లీలీటర్లు దాటుతుంది, 340 క్యాలరీలు నూనెకే. మూడు లీటర్లకు దించితే అందరికీ రోజుకు 130కి పైగా తగ్గుతాయి, ఎవరి పళ్ళెం మీదా కన్ను వేయక్కర్లేదు.

హాలియా_38
ఇది నాకు నచ్చింది. మేము ఐదుగురం, నెలకు ఎనిమిది లీటర్లు తెస్తున్నాను, ఇంతవరకు ఎప్పుడూ లెక్క చూడలేదు. ఈ నెల ఐదే తెస్తాను. రాత్రి పూట రెండు రొట్టెలు, కూర.

డిండి_గట్టు
మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు?

హాలియా_38
మా ఆవిడ.

డిండి_గట్టు
ఎనిమిది లీటర్లతో చేసే వంట ఐదుతో చేయాల్సింది ఆమె. కూర రుచి లేదని మీ అమ్మ అంటే మాట పడేది ఆమె. రాత్రి దుకాణం నుంచి మీరొచ్చాక వేడివేడిగా రొట్టెలు కొట్టేది కూడా ఆమే. ఆమెను అడిగారా?

హాలియా_38
లేదక్కా. ఇంతసేపూ ఇక్కడే అడుగుతున్నాను. ఈ రాత్రి కూర్చుని మాట్లాడతాను.

మూసీ_కాల్వ
రొట్టె కొట్టడం నువ్వే నేర్చుకో నాయనా. పిండిలో వేడి నీళ్ళు పోసి బాగా పిసకాలి, లేకపోతే అంచులు పగులుతాయి.

పాలమూరు_రూమ్
నేర్చుకున్నాక ఒక్క రొట్టెకు ఎంత పిండి పడుతుందో తూచి ఇక్కడ రాయండి అన్నా. మా నాన్న రొట్టె 85 గ్రాములు వచ్చింది, అంటే 280 క్యాలరీలు. అక్క వాళ్ళది ఎంతో కూడా చెప్పాలి.

డిండి_గట్టు
మావి పలచన. రేపు తూస్తాను.