ఇంట్లోనే లైట్ టెంట్ చేసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? (తిరుపతి)

కొలువుబొమ్మలక్క (తిరుపతి)
అందరికీ నమస్కారం. మాది చిన్న బొమ్మల అంగడి. ఎర్రచందనం జంటబొమ్మలు, ఇత్తడి దీపాలు, కొలువు సామాను అమ్ముతాం. దసరాకు ముందే వాట్సాప్‌లో ఫొటోలు పెట్టాలి. పోయినేడు అంగట్లో ఉన్న పసుపు లైటు కిందే తీసి పెట్టాను. ఫొటోలో బొమ్మ ఎర్రగా నిగనిగలాడింది. తీరా చేరాక ‘ఇది నల్లగా ఉంది, వేరే బొమ్మ పంపించారు’ అని ఒకామె వెనక్కి పంపేసింది. ఈసారి అట్టపెట్టెతో లైట్ టెంట్ (పక్కల కిటికీలకు తెల్లగుడ్డ కట్టి, బయటి లైట్ల వెలుగు మెత్తగా లోపల పడేలా చేసే ఫొటో పెట్టె) చేద్దామనుకుంటున్నా. కిటికీలకు ఏ గుడ్డ కట్టాలి? ఎన్ని వాట్ల బల్బులు పెట్టాలి? ఇత్తడి దీపంలో నా మొహం కనబడకుండా ఎట్లా తీయాలి? మా పెద్ద బొమ్మ అడుగు ఎత్తు ఉంటుంది.

అలిపిరి అబ్బయ్య
అక్కా, అడుగు బొమ్మకు మిక్సీ పెట్టె చాలదు. కనీసం రెండడుగుల పెట్టె ఉండాలి, ఫ్రిజ్జులమ్మే షాపుల వెనకాల అడిగితే ఊరికే ఇస్తారు. పైన, రెండు పక్కలా రెండంగుళాల అంచు వదిలి కిటికీలు కొయ్యి. లోపల తెల్ల డ్రాయింగ్ షీటు వెనక గోడ పైనుంచి కింది దాకా జారినట్టు రావాలి. మూలలో మడిచావంటే ఫొటోలో ఆ గీతే కనబడుతుంది. గుడ్డకైతే నేను మా నాయన పాత మల్లు పంచె వాడినా. మూడు ముక్కలు చేసి బట్టల క్లిప్పులతో బిగించినా. పంచె ఏమైందో ఆయనకు ఇంకా తెలీదు.

రిటైర్డ్ మేష్టారు (చిత్తూరు)
పంచె పొరపాటున కూడా వాడకండి. మన ఇళ్లలో పంచెలకు నీలం పెడతారు. నేను మా మనవరాలి గవ్వలు అట్లాగే తీశాను, గవ్వలన్నీ నీలంగా వచ్చాయి. ట్రేసింగ్ పేపరు ఒక్కటే సరైనది.

అలిపిరి అబ్బయ్య
సార్, ట్రేసింగ్ పేపరు చెమ్మకు ముడతలు పడుతుంది. నవంబరు వానల్లో మా ఇంట్లో అప్పడంలా అయింది. పంచె అయితే ఉతుక్కోవచ్చు.

రిటైర్డ్ మేష్టారు (చిత్తూరు)
ఉతికితేనే కదయ్యా నీలం పెట్టేది!

పెళ్లి వీడియోలు (పుత్తూరు)
గుడ్డ గురించి తర్వాత కొట్టుకోండి గానీ, ముందు బల్బు చూసుకోండి. పెళ్లిళ్లకు వాడే పాత 500 వాట్ల హాలోజన్ ఉంది కదా అని నేను తెచ్చి టెంటు పక్కన పెట్టుకున్నా. లోపల పక్కలకు తర్మాకోల్ షీట్లు. వెలుగు బ్రహ్మాండం. మా ఆవిడ టీకి పిలిస్తే పోయి వచ్చేసరికి షీటు మధ్యలో గుంత పడి, చుట్టూ కారిపోయి ఉంది. ఇల్లంతా ఒకటే కంపు. ఇంకో ఐదు నిమిషాలైతే కర్టెన్లు అంటుకునేవి. అప్పటి నుంచీ 9 వాట్ల ఎల్‌ఈడీలే, పక్కకొకటి, పైనొకటి. మూడూ ఒకే డబ్బాలోవి కొనండి.

నాణేలరాయుడు
ఇరవై రెండేళ్లుగా రాగి కాసులు, వెండి రూపాయలు ఫొటో తీస్తున్నా. నా మాట వినండి, లైట్ టెంట్ అనేదే దండగ. నాణెం టెంటులో పెడితే మెరుపు చచ్చిపోయి సున్నం కొట్టినట్టు ఉంటుంది. పాత ఫొటో ఫ్రేములో అద్దం ఊడదీసి నాణెం మీద 45 డిగ్రీలు వంచి పెట్టండి. పక్కనుంచి లైటు వేస్తే అద్దం మీద తగిలి నిట్టనిలువునా నాణెం మీద పడుతుంది. పైనుంచి ఆ అద్దం గుండానే ఫొటో తీయాలి. అక్షరం అక్షరం కనబడుతుంది. ఇది నేను చెప్తే గానీ ఈ జిల్లాలో ఎవరికీ తెలీదు.

అలిపిరి అబ్బయ్య
అన్నా, అక్క అమ్మేది అడుగు బొమ్మ. దాని మీద అద్దం ఎట్లా వంచేది, కిటికీ రెక్క పెట్టాల్నా?

నాణేలరాయుడు
ఎగతాళి చేసేవాళ్లకు చెప్పడం నాదే తప్పు.

పలమనేరు మట్టి
రాయుడన్న కోపం సంగతి ఎట్లున్నా ఆయన మాటలో విషయం ఉంది. నేను మట్టి గుర్రాలు చేస్తా. మొదట్లో మూడు పక్కలా సమానంగా లైట్లు వేసి తీసేవాణ్ణి. నీడలే లేవు, బాగుందనుకున్నా. మా అమ్మ ఫొటో చూసి ‘ఏంరా, గుర్రం బిస్కెట్టు మాదిరి ఉందే’ అనింది. గోటితో గీసిన జూలు, మెడలో గంటలు ఏవీ తెలీలేదు. కుడి పక్క లైటు ఆర్పేసి, అక్కడ తెల్ల అట్ట నిలబెట్టా. ఎడమ వెలుగు దాని మీద పడి కాస్త వెనక్కి వస్తుంది. జూలు లేచి నిలబడింది. చెక్కబొమ్మకు కూడా ఇదే పద్ధతి. చీర కుచ్చిళ్లు, కొప్పు చెక్కడం కనబడాలంటే నీడ కావాలి.

ఎన్నారై వదిన
బొమ్మలు చాలా బాగుంటాయండీ. డల్లాస్‌కి రెండు జతలు పంపిస్తారా?

కొలువుబొమ్మలక్క (తిరుపతి)
వదినా, ఎర్రచందనం దేశం దాటించాలంటే అనుమతులు కావాలి. సైటెస్ (అరుదైన చెట్లు, జంతువుల వ్యాపారం మీద దేశాల మధ్య ఉన్న ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, పార్సిల్ కట్టి పంపించే పని కాదు. మీ వాళ్లెవరైనా ఇక్కడ ఉంటే టేకు బొమ్మలు చూపిస్తా.

శేషాచలం చూపు
మన కొండల్లో చెట్లు నరికి అమ్ముకునేవాళ్లకు లేని రూల్సు బొమ్మలోళ్లకేనా?

రిటైర్డ్ మేష్టారు (చిత్తూరు)
దయచేసి విషయం మీద ఉండండి. విషయం పంచె.

ట్రాన్స్‌ఫార్మరు (రేణిగుంట)
మేష్టారూ, మీరూ అబ్బయ్యా ఇద్దరూ సగం సగం కరెక్టు. నీలం పెట్టిన గుడ్డ వెలుగుకు రంగు పట్టిస్తుంది, నిజమే. కానీ మూడు పక్కలా అదే గుడ్డ ఉంటే ఫోన్లో వైట్ బ్యాలెన్స్ మార్చి సరి చేసుకోవచ్చు. లోపల తెల్ల కాగితం పెట్టి, అది తెల్లగా కనబడేదాకా జరపడమే. చిక్కంతా ఒక పక్క కొత్త పంచె, ఇంకో పక్క చివికిన పంచె కట్టినప్పుడు వస్తుంది. బల్బులూ అంతే. ఒకటి 6500, ఇంకోటి 3000 కెల్విన్ (వెలుగు రంగు కొలత) అయితే బొమ్మకు ఒక చెంప నీలం, ఒక చెంప పసుపు. దాన్ని ఏ సెట్టింగూ కాపాడలేదు. మీ గవ్వల దగ్గర కిటికీ తెరిచి ఉందా? పగటి వెలుగు కూడా కలిసిందా?

ఇంకో మాట. చవక ఎల్‌ఈడీలు కరెంటుతో పాటు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ఫొటోలో అడ్డంగా చారలు వస్తే ఫోన్లో షట్టరు వేగం 1/50 సెకను గానీ 1/100 సెకను గానీ పెట్టండి. స్టాండు మీద ఫోను, రెండు సెకన్ల టైమరు.

రిటైర్డ్ మేష్టారు (చిత్తూరు)
కిటికీ తెరిచే ఉంది. కానీ నీలం కూడా ఉంది.

కొలువుబొమ్మలక్క (తిరుపతి)
ఆదివారం కూర్చుని చేశాను. వాషింగ్ మిషను అట్టపెట్టె, నీలం తగలని గాడా గుడ్డ, మూడు 9 వాట్ల బల్బులు. మొదటి ఫొటోలో తెల్ల షీటు బూడిద రంగులో వచ్చింది. అది బల్బుల తప్పనుకుని నాలుగోది కూడా కొనుక్కొచ్చా. ఉపయోగం లేదు.

ట్రాన్స్‌ఫార్మరు (రేణిగుంట)
తప్పు బల్బులది కాదు. ఫోను ఏది చూసినా నడిమి బూడిదకు లాగుతుంది. చుట్టూ తెలుపే ఉంటే ‘వెలుగెక్కువైంది’ అని తగ్గించేస్తుంది. బొమ్మ మీద వేలు నొక్కి పట్టి లాక్ చేసి, వెలుగు గుర్తును పైకి జరపండి. ప్లస్ 1 దగ్గర సరిపోతుంది. మరీ పైకి జరిపితే బొమ్మ అంచులు షీటులో కలిసిపోతాయి.

కొలువుబొమ్మలక్క (తిరుపతి)
వచ్చింది! షీటు తెల్లగా, బొమ్మ ముదురు రంగులో, చేతిలో ఉన్నట్టే ఉంది. పలమనేరు అన్న చెప్పినట్టు కుడి లైటు ఆర్పి తీసినదే బాగుంది, కొప్పులో పువ్వు రేకులు లెక్కపెట్టొచ్చు. పోయినేడు వెనక్కి పంపినామెకు ఆ బొమ్మ ఫొటోనే మళ్లీ పెట్టా. ‘ఇది ఎంత?’ అని అడిగింది!

కానీ నా మూడో ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. ఇత్తడి దీపం బొజ్జలో నేను, ఫోను, వెనకాల గోడ మీద క్యాలెండరు అన్నీ కనబడుతున్నాయి.

పెళ్లి వీడియోలు (పుత్తూరు)
అమ్మా, ఇత్తడి అద్దం లాంటిది. చుట్టూ ఏముంటే అదే చూపిస్తుంది. టెంటుకు ముందు వైపు తెరిచి ఉంది కదా, అక్కడ కూడా అదే గుడ్డ వేలాడదీసి కెమెరా కన్ను పట్టేంత చీలిక పెట్టండి. ఫోను జూము రెండు పెట్టుకుని వెనక్కి జరగండి, కన్ను చిన్న చుక్కలా అయిపోతుంది. మొత్తం తెలుపైతే దీపం అంచు తెలీదు, అందుకని ఫ్రేములోకి రాకుండా రెండు పక్కలా సన్నటి నల్ల అట్టముక్కలు నిలబెట్టండి. అంచున నల్లగీత వచ్చి దీపం గుండ్రంగా కనబడుతుంది. నగల ఫొటోలకు మేం చేసేది ఇదే.

కొలువుబొమ్మలక్క (తిరుపతి)
ఇప్పుడే చేశా. నేను పోయాను, క్యాలెండరు పోయింది. థాంక్స్ అన్నా.

అలిపిరి అబ్బయ్య
మా నాయనకు పంచె సంగతి తెలిసిపోయింది. ఎవరైనా గాడా గుడ్డ మీటరు ఎంతో చెప్పండి.

రిటైర్డ్ మేష్టారు (చిత్తూరు)
నీలం లేనిదే తీసుకో నాయనా.