బడ్జెట్‌లో మిగులు చూపిస్తారు, కాలవ పలకకు డబ్బుల్లేవంటారు. ఏది నమ్మాలి?

ప్రశ్న – గోదావరివాసి

మాది గోదావరి జిల్లాల్లో ఒక కార్పొరేషన్ అండి. 2021కి ముందు ఇంటి పన్ను ఏడాదికి రెండు వేలు కట్టేవాళ్లం. ఇప్పుడు మూడున్నర వేలకు చేరింది. ఇంటికి ఒక్క ఇటుక కూడా కొత్తగా పెట్టలేదు. వీధి చివర కాలవ మీద సిమెంటు పలక విరిగి చాలాకాలమైంది, పిల్లలు దాని పక్కనుంచే బడికి వెళ్తారు. వార్డు సచివాలయంలో అడిగితే జనరల్ ఫండ్‌లో డబ్బుల్లేవన్నారు. పేపర్లో మాత్రం ‘మిగులు బడ్జెట్‌కు కౌన్సిల్ ఆమోదం’ అని వచ్చింది. ఊరి ఖజానా అసలు పరిస్థితి మాలాంటి వాళ్లకు తెలిసేదెలా?

జవాబు – మెయిన్ రోడ్ షాపు

పన్ను సంగతి నేను చెప్తాను. ఇళ్లకు 2002లో, షాపులకు 2007లో సవరించిన తర్వాత చాలా ఏళ్లు ఎవరూ ముట్టుకోలేదు. 2021 నుంచి అద్దె విలువ తీసేసి ఆస్తి మూలధన విలువ, అంటే స్థలం, కట్టడం ధర మీద లెక్కకడుతున్నారు. ఒకేసారి పడకుండా ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని పెట్టారు. ఆ విలువ మీద లెక్కకట్టిన పన్నుకు చేరేదాకా ఏటా పెరుగుతూనే ఉంటుంది. ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్నంతా కడితే 5 శాతం రాయితీ వస్తుంది, వదులుకోకండి.

జవాబు – పద్దుల మనిషి

మున్సిపల్ అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. సార్, మిగులు అన్న మాట పట్టుకోకండి. బడ్జెట్ పుస్తకంలో జమల వైపు ముందు ‘ప్రారంభ నిల్వ’ ఉంటుంది. అంటే కిందటేడు ఖర్చు కాని సొమ్ము. అందులో చాలావరకు ఏదో పథకం పేరున వచ్చి, పని మొదలుకాక ఆగిపోయినదే. దాన్నీ కలిపి చూపిస్తే మిగులు రాక ఏమవుతుంది?

ఆ సొమ్ముతో మీ పలక వేయలేరు. 2021–26కి కేంద్రం నుంచి వచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటే తీసుకోండి. పది లక్షల జనాభా లేని ఊళ్లకు ఇచ్చేదాంట్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలి. మిగతా 40 శాతం కూడా జీతాలకు వాడకూడదు.

మీ పలకకు డబ్బు రావాల్సింది జనరల్ ఫండ్ నుంచే. ఇంటి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, ప్లాన్ ఫీజులు, మార్కెట్ షాపుల అద్దెలు అందులోకే వస్తాయి. పారిశుధ్య కార్మికుల జీతాలు, నీళ్ల మోటార్ల కరెంటు బిల్లు, వీధి దీపాలు ముందుగా దాంట్లోంచే పోతాయి. అవి ఆపడానికి లేదు, ఆపకూడదు కూడా. చివర్లో మిగిలితే కాంట్రాక్టర్ బిల్లు. పాత బిల్లులు రాలేదని ఎవరూ టెండర్ వేయరు. పలక అలాగే ఉండిపోతుంది.

నన్ను ఎప్పుడూ బాధపెట్టింది ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, అంటే ఆస్తి చేతులు మారినప్పుడు కట్టే సుంకం. ఊళ్లో 50 లక్షల ఫ్లాట్ రిజిస్టర్ అయితే 1.5 శాతం కింద 75 వేలు కట్టించుకుంటారు. అది స్థానిక సంస్థకు చెందాల్సిన సొమ్ము. కానీ ముందు రాష్ట్ర ఖజానాకు చేరి, అక్కణ్నుంచి రావాలి. ఎప్పుడొస్తుందో తెలియని డబ్బును నమ్ముకుని నెలనెలా జీతాలెలా ఇస్తారు?

జవాబు – మెయిన్ రోడ్ షాపు

చెత్త రుసుము మాటేమిటండి? 2021లో పెట్టారు, 2024లో ఎత్తేశారు.

జవాబు – పద్దుల మనిషి

జనానికి ఊరటే. కానీ బండ్లు, డీజిల్, మనుషుల ఖర్చు తగ్గలేదు కదా. ఆ భారం కూడా ఎక్కడో ఒకచోట పడుతుంది.

గోదావరివాసి

ఇప్పుడు అర్థమైంది సార్. మరి నేను ఏ కాగితం అడగాలి?

జవాబు – పద్దుల మనిషి

డీసీబీ అడగండి. రావాల్సిన పన్ను (డిమాండ్) ఎంత, వసూలు (కలెక్షన్) ఎంత, బకాయి (బ్యాలెన్స్) ఎంత అన్న రిజిస్టర్ అది. ప్రభుత్వ ఆఫీసుల బకాయి విడిగా ఇమ్మని రాయండి. బడ్జెట్ అంచనా పక్కన కిందటేడు నిజంగా వచ్చిన జమ, అయిన ఖర్చు కూడా అడగండి. సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో కార్పొరేషన్ పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెడితే 30 రోజుల్లో ఇవ్వాలి. వచ్చాక అంకెలు ఇక్కడ పెట్టండి, కలిసి చదువుదాం. ఈలోపు పలక ఫోటోతో, వార్డు నంబరుతో కమిషనర్‌కు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పిల్లలు నడిచే చోటని తప్పకుండా రాయండి.