అంగన్‌వాడీ ఉద్యోగం మానేద్దామా అనిపిస్తోంది, మీరైతే ఏం చేస్తారు?

అందరికీ నమస్కారం. నేను ఆంధ్రాలో ఒక పల్లెటూళ్లో అంగన్‌వాడీ టీచర్‌ని. పిల్లలంటే ఇప్పటికీ ప్రాణమే, మూడేళ్ల పిల్ల మొదటిసారి పలక మీద సున్నా చుట్టి ఎత్తి చూపిస్తే ఆ రోజంతా హుషారుగా ఉంటుంది. విసిగిస్తున్నది మిగతా పని. తల్లులకు ఇంటికిచ్చే పోషకాహార సరుకులు ఇవ్వాలంటే పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో తల్లి ముఖం అందులో ఉన్న ఫొటోతో సరిపోలాలి, సిగ్నల్ లేక అది తిరుగుతూనే ఉంటుంది, బాలింత చంటిబిడ్డను ఎత్తుకుని గుమ్మంలోనే నిలబడి ఉంటుంది, ఈలోపు లోపల పిల్లల గోల. ఇక కథ ఎప్పుడు చెప్పాలి, పాట ఎప్పుడు పాడించాలి? ఇంతా చేస్తే గౌరవ వేతనం 11,500. 2023 డిసెంబర్‌లో మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేసింది కూడా ముఖ్యంగా జీతం పెంచమనే.

పక్క టౌన్లో ఒక ప్లే స్కూల్ వాళ్లు రమ్మంటున్నారు. డబ్బు కాస్త ఎక్కువే, కానీ వేసవి సెలవుల్లో జీతం ఉండదట, అదే టెన్షన్. అంగన్‌వాడీ వాళ్లకు గ్రాట్యుటీ (చేసిన సర్వీసును బట్టి ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే డబ్బు) వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది కదా, మధ్యలో రాజీనామా చేస్తే ఆ డబ్బు చేతికొస్తుందా? ఇలా మానేసి వెళ్లినవాళ్లు, వెళ్దామనుకుని ఆగిపోయినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి, ఎందుకు ఆగారో కూడా.