నాన్నగారి చేత బ్యాలెన్స్ వ్యాయామాలు చేయించడం ఎలా?

మా నాన్నగారికి 72 ఏళ్లు, ఖమ్మంలో అమ్మతో ఉంటారు. అడుగులు లెక్కపెట్టే వాచ్ కొనిచ్చాను. కొన్నాళ్లు సరదాగా పెట్టుకున్నారు, ఇప్పుడది బీరువాలో ఉంది. నడకకు లోటు లేదు, నా టెన్షన్ అంతా ఎక్కడ పడిపోతారోనని. 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం చేయాలని, అందులో 3 రోజులైనా బ్యాలెన్స్, కండబలం పెంచేవి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒంటికాలి మీద నిలబడితే ఆ వాచీకి లెక్కే కాదు!

పాత అలవాటుకు ముడిపెడితే కొత్తది నిలుస్తుందంటారు కదా, అందుకే పొద్దున కాఫీ తాగగానే కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోమన్నాం. ఫోన్‌లో రిమైండర్ మోగితే మాత్రం విసుక్కుంటున్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఏది పనిచేసింది? తెలుగులో మాట్లాడి గుర్తుచేసే యాప్ ఏదైనా వాడారా? లేక మనవరాలి చేత వీడియో కాల్ చేయించడమే నయమా?